3.42తో జీతమిచ్చే ఇంటర్న్‌షిప్ ఎలా దొరికింది: లేగోస్ నుంచి నా అనుభవం

ఏ కంపెనీ ఫారం తెరిచినా ఒక గడి దగ్గర ఆగిపోయేదాన్ని. డిగ్రీలో ఏ క్లాసు వచ్చిందో చెప్పమని అడిగే గడి అది. నొక్కితే రెండే పేర్లు కనిపించేవి: ఫస్ట్ క్లాస్, సెకండ్ క్లాస్ అప్పర్. నైజీరియాలో డిగ్రీ మార్కుల్ని 5 పాయింట్ల మీద లెక్కిస్తారు. 3.50 దాటితే సెకండ్ క్లాస్ అప్పర్. అందరూ దాన్ని టూ వన్ అంటారు. నాకు వచ్చింది 3.42. అంటే సెకండ్ క్లాస్ లోయర్, టూ టూ. నా క్లాసు ఆ జాబితాలోనే ఉండేది కాదు. ఆ గడి నింపకుండా తర్వాతి పేజీ తెరుచుకునేది కాదు.

మా పిన్ని కూతురు గుంటూరులో బీటెక్ చదువుతోంది. "అక్కా, నీకు నైజీరియాలో అంత డబ్బిచ్చే ఇంటర్న్‌షిప్ ఎలా దొరికింది?" అని వాట్సాప్‌లో అడిగింది. వాయిస్ మెసేజ్‌లో సగం చెప్పేసరికి ఇక్కడ కరెంటు పోయింది. మిగతాది రాస్తానన్నాను. అదే ఇది.

ముందు నా గురించి చెప్పాలి. మా డాడీ నైజీరియన్, యొరూబా జాతివారు. హైదరాబాద్‌కి ఫార్మసీ చదవడానికి వచ్చి, మంగళగిరి అమ్మాయిని పెళ్ళి చేసుకుని లేగోస్ తీసుకెళ్ళారు. నేను ఏడో తరగతి దాకా మంగళగిరిలో అమ్మమ్మ దగ్గరే పెరిగాను. ఆ తర్వాత అంతా లేగోస్‌లోనే. పాస్‌పోర్టు నైజీరియాది, ఇంట్లో అమ్మతో మాట తెలుగు. లేగోస్‌లో ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో 2018లో కంప్యూటర్ సైన్స్‌లో చేరాను. నాలుగేళ్ళ కోర్సు. 2020లో అధ్యాపకుల సమ్మె తొమ్మిది నెలలు, 2022లో మళ్ళీ ఎనిమిది నెలలు నడిచింది. 2022లో చేతికి రావాల్సిన డిగ్రీ 2023లో వచ్చింది.

ఈ ఆలస్యం చిన్న విషయం కాదు. ఇక్కడ బ్యాంకులు, పెద్ద కంపెనీలు ఫ్రెషర్లను తీసుకునే ప్రకటనల్లో వయసు పరిమితి పెడతాయి. చాలావాటిలో 26 దాటకూడదని ఉంటుంది. పదహారేళ్ళకే చేరినవాళ్ళకు ఇబ్బంది లేదు. ప్రవేశ పరీక్ష రెండు మూడుసార్లు రాసి చేరినవాళ్ళకు మాత్రం సమ్మెల్లో పోయిన నెలలు నేరుగా వయసులో కలిసిపోతాయి. నా క్లాస్‌మేట్స్‌లో ఇద్దరు డిగ్రీ పట్టా అందుకునేసరికే ఆ గీత దాటేశారు. వాళ్ళ తప్పు ఏమీ లేదు. ఇది నాకు ఇప్పటికీ అన్యాయంగానే అనిపిస్తుంది.

డిగ్రీ అయ్యాక ఎన్‌వైఎస్‌సీ పిలుపు కోసం కొన్ని నెలలు ఎదురుచూడాలి. తెలుగువాళ్ళకు ఇది కొత్తగా ఉంటుంది కాబట్టి చెబుతున్నాను. నైజీరియాలో 30 ఏళ్ళ లోపు డిగ్రీ పూర్తి చేసిన ప్రతి ఒక్కరూ ఒక ఏడాది దేశసేవ చేయాలి. అంతర్యుద్ధం ముగిసిన మూడేళ్ళకు, 1973లో, జనరల్ యాకుబు గోవన్ ప్రభుత్వం దీన్ని పెట్టింది. ఒక ప్రాంతం పిల్లలు ఇంకో ప్రాంతానికి వెళ్ళి, అక్కడి జనంతో కలిసి బతకాలన్నది ఉద్దేశం. ఆ ఏడాది పూర్తి చేసిన సర్టిఫికెట్ లేకపోతే మంచి ఉద్యోగం ఏదీ రాదు. అందుకని ఎదురుచూసే ఆ నెలల్లో అందరూ ఏదో ఒక ఇంటర్న్‌షిప్ వెతుక్కుంటారు.

నాకు లెక్కీలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో దొరికింది. జీతం ఉండదు, రవాణా ఖర్చులకు నెలకు 20 వేల నైరా ఇస్తామన్నారు. ఎంత సంతోషించానో! మేముండేది సురులేరేలో. అక్కడి నుంచి పసుపుపచ్చ డాన్‌ఫో వ్యాను ఎక్కి సీఎంఎస్ బస్టాపు దాకా, అక్కడ ఇంకోటి పట్టుకుని లెక్కీ దాకా. నేను చేరిన నెలలోనే, 2023 మే 29న, కొత్త అధ్యక్షుడు టినుబు ప్రమాణస్వీకారం రోజున పెట్రోలు సబ్సిడీ ఇక లేదని ప్రకటించారు. లీటరు 200 నైరా లోపు ఉన్న పెట్రోలు రెండు రోజుల్లో 500 దగ్గరికి వెళ్ళింది. డాన్‌ఫో కండక్టరు చెప్పే రేటు పొద్దున ఒకటి, సాయంత్రం ఇంకొకటి. వాళ్ళిచ్చే 20 వేలు రెండు వారాలకే అయిపోయేవి. మిగతా రెండు వారాలు డాడీ జేబులోంచే.

ఒకరోజు రాత్రి అమ్మ నా బస్సు ఖర్చులు కాగితం మీద కూడింది. మొత్తం చూసి, "నువ్వు వాళ్ళ దగ్గర పని చేస్తున్నావా, వాళ్ళకి చందా ఇస్తున్నావా తల్లీ?" అంది. నాకు కోపం వచ్చింది. అనుభవం వస్తుందమ్మా అన్నాను. కానీ మూడు నెలల్లో నేను చేసింది ఎక్సెల్ షీట్లు నింపడం, ఎవరికో కస్టమర్ ఫోన్లు కలపడం. కోడ్ ఒక్క లైను కూడా రాయలేదు. మానేశాను. వెళ్ళొస్తానని చెప్పడానికి కూడా మొహమాటపడ్డాను. ఇప్పుడైతే చేరే ముందే రెండు ప్రశ్నలు అడుగుతాను: నెలకు ఎంత ఇస్తారు, మొదటి నెలలో నా చేతిలో ఉండే పని ఏమిటి?

ఆ తర్వాత ఫోనుకు ఒక మెసేజ్ వచ్చింది. మీ దరఖాస్తు ఎంపికైంది, రేపు తొమ్మిదింటికి ఇకెజాలో ఫలానా హాలుకు ఇంటర్వ్యూకి రండి అని. నేను ఆ కంపెనీకి అప్లై చేసినట్టు గుర్తు లేదు. అయినా వందల చోట్ల చేశాను కదా, అందులో ఇదొకటి అయ్యుంటుందనుకున్నాను. డాడీ సూటును నాకు సరిపోయేలా కుట్టించిన నల్ల కోటు వేసుకుని వెళ్ళాను. హాల్లో నాలాంటివాళ్ళు వంద మందికి పైనే ఉన్నారు. అందరి చేతుల్లో ప్లాస్టిక్ ఫోల్డర్లు. గంట సేపు ఒకాయన ఆరోగ్యం ఇచ్చే మాత్రల గురించి, వాటిని మనమే కొని పదిమందికి అమ్మితే వచ్చే కమిషన్ గురించి మాట్లాడాడు. చివర్లో రిజిస్ట్రేషన్‌కు డబ్బు కట్టమన్నాడు. నా పక్కన కూర్చున్న అబ్బాయి ఇబాదాన్ నుంచి రాత్రి బస్సులో వచ్చాడట. అతని దగ్గర తిరుగు ప్రయాణానికి మాత్రమే డబ్బుంది. ఆ డబ్బు తీసి కట్టబోతుంటే నేను చెయ్యి పట్టుకుని ఆపాను. ఇద్దరం బయటికొచ్చి ఒక బోలె సెంటర్ దగ్గర కాల్చిన అరటికాయ తిన్నాం. అతను ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

అప్లై చేయని చోటి నుంచి పిలుపు వస్తే, ఉద్యోగం ఇచ్చేవాళ్ళు మన దగ్గర డబ్బు అడిగితే, అక్కడ ఇంక ఒక్క నిమిషం కూడా ఉండకూడదు. ఇది ఇండియాలోనైనా అంతే.

మంచి డబ్బిచ్చే ఇంటర్న్‌షిప్‌లు నైజీరియాలో లేవని కాదు. చమురు, గ్యాస్ కంపెనీలు ఇస్తాయి. పెద్ద ఆడిట్ సంస్థలు ఇస్తాయి. యాబా ప్రాంతంలో పెరిగిన ఫిన్‌టెక్ కంపెనీలూ ఇస్తాయి. ఆన్‌లైన్ చెల్లింపుల కంపెనీ పేస్టాక్‌ను 2020లో అమెరికా కంపెనీ స్ట్రైప్ 20 కోట్ల డాలర్లకు పైగా పెట్టి కొన్నదంటే ఇక్కడి ప్రోగ్రామర్ల పనితనం ఊహించుకోవచ్చు. కానీ వాటి తలుపు దగ్గర మూడు తాళాలుంటాయి. మొదటిది టూ వన్. రెండోది వయసు. మూడోది ఆప్టిట్యూడ్ పరీక్ష, అందులో ఒక్కో ప్రశ్నకు నిమిషం కూడా ఉండదు. ఇవి దాటాక కూడా లోపల ఎవరైనా తెలిసినవాళ్ళుంటే పని తేలిక అన్న మాట అందరి నోటా వింటాం. ఇక్కడ దాన్ని కనెక్షన్ అంటారు. మన దగ్గర రికమెండేషన్ అంటామే, అదే.

నాకు మొదటి తాళమే తెరుచుకోలేదు. ఒక రాత్రి 0.08 గురించి ఏడ్చాను. రెండో ఏడాదిలో డేటా స్ట్రక్చర్స్‌లో పోయిన మార్కులు, జ్వరంతో రాసిన ఒక పరీక్ష, అన్నీ గుర్తొచ్చాయి. అమ్మ వచ్చి పక్కన కూర్చుంది. ఏమీ అనలేదు. అలాగే నిద్రపోయాం.

2023 చివర్లో నాకు పిలుపు వచ్చింది, ఓయో రాష్ట్రానికి. శిక్షణ శిబిరం ఇసేయిన్ అనే ఊళ్ళో. మూడు వారాలు తెల్ల బనియన్లు, తెల్ల నిక్కర్లు, తెల్లవారకముందే బూర చప్పుడు, డ్రిల్లు. శిబిరం లోపలే మామీ మార్కెట్ అని తిండి కొట్లు. మమ్మల్ని కోపర్లు అంటారు. ప్రభుత్వం నెలకు ఇచ్చే భత్యం పేరు అలవీ. నేను చేరినప్పుడు అది 33 వేల నైరా. 2024 సెప్టెంబరులో 77 వేలు చేశామని ప్రకటించారు కానీ ఆ డబ్బు కోపర్ల ఖాతాల్లో పడటం 2025 మార్చిలో మొదలైంది. అప్పటికి నా సేవ అయిపోయి నాలుగు నెలలు.

ఇసేయిన్ గురించి ఒక్కటి చెప్పకుండా ఉండలేను. అది అషో ఓకే నేసే ఊరు. యొరూబావాళ్ళు పెళ్ళిళ్ళకు కట్టే బట్ట అది. జానెడు వెడల్పు కూడా లేని పొడవాటి పట్టీలు నేసి, వాటిని పక్కపక్కన కుట్టి బట్ట చేస్తారు. మగ్గం చప్పుడు వినగానే నాకు మంగళగిరి వీధి గుర్తొచ్చింది. వీడియో కాల్ చేసి అమ్మకు చూపించాను. అమ్మ చాలాసేపు ఆ నేతగాడి చేతులే చూస్తూ ఉండిపోయింది.

శిబిరం తర్వాత పనిచేసే చోటు కేటాయిస్తారు. నన్ను మొదట పంపిన ఆఫీసు, మాకు కోపర్లు అక్కర్లేదు అని కాగితం రాసిచ్చి వెనక్కి పంపింది. ఇది చాలామందికి జరిగేదే. రెండోసారి ఇబాదాన్‌లో ఒక సెకండరీ స్కూలు ఇచ్చారు. కంప్యూటర్ టీచరు. స్కూల్లో కంప్యూటర్లు మాత్రం లేవు. బోర్డు మీద కీబోర్డు బొమ్మ గీసి పాఠం చెప్పేదాన్ని. పిల్లలు బెంచీ మీద వేళ్ళతో టైపింగ్ ప్రాక్టీసు చేసేవాళ్ళు. డాడీ వాళ్ళక్క, మా మేనత్త, ఇబాదాన్‌లోనే ఉంటుంది. ఆవిడ ఇంట్లోనే ఉన్నాను. అద్దె లేకపోవడం వల్లే ఆ ఏడాది గట్టెక్కాను. ఆ ఏడాదిలోనే నైరా విలువ పడిపోయి డాలరు 1,500 నైరా దాటింది. నా 33 వేలు 22 డాలర్లయ్యాయి.

స్కూలు మధ్యాహ్నం రెండింటికి వదిలేవారు. ఆ తర్వాత సమయమంతా నాదే. 2024లో హెచ్‌ఎన్‌జీ ఇంటర్న్‌షిప్‌లో చేరాను. హోటల్ గదులు బుక్ చేసే హోటల్స్ డాట్ ఎన్‌జీ వెబ్‌సైటు పెట్టిన మార్క్ ఎస్సియెన్ మొదలుపెట్టిన ఆన్‌లైన్ శిక్షణ అది. డిగ్రీ క్లాసు అడగరు. వేలమంది చేరతారు, దశదశలో పని ఇస్తారు, గడువులోపు ఇవ్వనివాళ్ళు తప్పుకోవాలి. నేను చివరి దాకా నిలవలేదు. కానీ వేరేవాళ్ళతో కలిసి ఒకే కోడ్ మీద పని చేయడం, నా పని అందరూ చూసేలా పెట్టడం అక్కడే నేర్చుకున్నాను. కాలేజీలో రాసిన కోడ్ సారు తప్ప ఎవరూ చూడలేదు.

అక్కడ పరిచయమైన ఒక అక్క అవుట్‌రీచీ గురించి చెప్పింది. ఓపెన్ సోర్స్, అంటే కోడ్ అందరికీ తెరిచి పెట్టే సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుల్లో మూడు నెలల ఇంటర్న్‌షిప్, ఇంట్లోంచే పని, మొత్తం 7,000 డాలర్లు. నేను నమ్మలేదు. ఇకెజా హాలు గుర్తొచ్చింది. ఎక్కడ డబ్బు కట్టమంటారో అని వాళ్ళ వెబ్‌సైటు మొత్తం వెతికాను. ఎక్కడా లేదు. ఎంత ఇస్తారో, ఎవరు అర్హులో, వారానికి ఎన్ని గంటలు పని చేయాలో, ఏది ఎప్పుడో అన్నీ రాసి పెట్టారు. అప్పట్లో ఏడాదికి రెండు విడతలు. ఒకటి మే నుంచి ఆగస్టు, ఇంకొకటి డిసెంబరు నుంచి మార్చి. నా సేవ 2024 నవంబరులో అయిపోతుంది. డిసెంబరు విడతకు సరిగ్గా సరిపోతుంది.

మొదటి దరఖాస్తు ఆగస్టులో. అందులో మార్కుల క్లాసు గడి లేదు. బదులుగా వ్యాసాలు రాయమంటారు. నీ దేశంలో, నీ చదువులో, టెక్నాలజీ రంగంలో నీలాంటివాళ్ళు ఎందుకు తక్కువగా ఉన్నారు, నీకు ఎదురైన వివక్ష ఏమిటి అని. నాకు ఇది చాలా కష్టమైంది. మన ఇళ్ళలో ఇవి బయటికి చెప్పుకోము కదా. మొదట రాసింది పుస్తకం భాషలో ఉంది. ఆ అక్క చదివి, "ఇందులో నువ్వెక్కడున్నావు?" అని అడిగింది. మళ్ళీ రాశాను. ల్యాబులో పాడైన సిస్టమ్ బాగు చేయబోతే అబ్బాయిలకు ఇవ్వమన్న సారు గురించి రాశాను. లేగోస్‌లో రోడ్డు మీద పిల్లలు నన్ను ఓయింబో అని, అంటే తెల్లమనిషి అని పిలవడం, ఇంటర్వ్యూలో "నువ్వు నిజంగా నైజీరియన్‌వేనా?" అని అడగడం, మంగళగిరి బళ్ళో నా జుట్టు పట్టుకుని నవ్వడం, అన్నీ రాశాను. రాసి పంపాక ఒళ్ళంతా తేలికైంది.

మొదటి వడపోత దాటినవాళ్ళకు అక్టోబరులో అసలు పరీక్ష. ఏదో ఒక ప్రాజెక్టు ఎంచుకుని, నెల రోజులపాటు అందులో నిజంగా పని చేయాలి. నేను పైథాన్‌లో రాసిన ఒక చిన్న టూల్ ప్రాజెక్టు ఎంచుకున్నాను. సూచనలు చదివి నా పాత లాప్‌టాప్‌లో ఇన్‌స్టాల్ చేయబోతే కాలేదు. రెండు రాత్రులు కుస్తీ పట్టాను. నాకేమీ రాదు, అందుకే అవ్వట్లేదు అనుకున్నాను. మూడో రోజు తెలిసింది, లోపం సూచనల్లోనే ఉందని. పాత మెషీన్లలో ఏం చేయాలో అందులో రాయలేదు. అది రాసి పంపిందే నా మొదటి పుల్ రిక్వెస్ట్, అంటే నా మార్పును ప్రాజెక్టులో కలుపుకోమని అడగడం. ప్రాజెక్టులో మాకు దారి చూపే మెంటర్ దాన్ని ఒప్పుకుని, ఇన్నాళ్ళూ ఇది ఎవరూ చెప్పలేదు, థాంక్స్ అని రాసింది. ఆ ఒక్క లైను ఎన్నిసార్లు చదివానో!

అక్టోబరంతా అదే పని. మేనత్త ఇంట్లో కరెంటు ఎప్పుడొస్తుందో తెలియదు. వచ్చినప్పుడు వీధి వీధంతా పిల్లలు "అప్ నెపా!" అని అరుస్తారు. నెపా అంటే ఇక్కడి పాత కరెంటు సంస్థ పేరు. ఆ అరుపు వినగానే ఏం చేస్తున్నా వదిలేసి లాప్‌టాప్, ఫోను, పవర్ బ్యాంకు అన్నీ ప్లగ్గులో పెట్టేదాన్ని. లేని రోజు మేనత్త తన చిన్న జనరేటర్‌ను రెండు గంటలు వేసేది. పెట్రోలు అప్పటికి లీటరు వెయ్యి నైరా. ఆవిడ టైలరింగ్ చేస్తుంది, ఆ రెండు గంటలు ఆవిడ కుట్టుమిషనుకు ఇస్త్రీపెట్టెకు కావలసినవి. "నువ్వు రాసుకో, నా బట్టలు పొద్దున కుట్టుకుంటాను" అనేది యొరూబాలో. స్కూలు వాళ్ళు అలవీ మీద నెలకు అదనంగా ఇచ్చే పది వేలూ డేటాకే పోయేవి.

ఆ నెలలో నావి చిన్నవీ పెద్దవీ కలిపి తొమ్మిది సవరణలు ప్రాజెక్టులో కలిశాయి. ఒకటి రెండుసార్లు నా కోడ్ తప్పని వెనక్కి పంపారు. మొదట్లో అలా రాగానే గుండె జారిపోయేది. మిగతావాళ్ళ పాత చర్చలు చదివాక తెలిసింది, ఏళ్ళ తరబడి పని చేసినవాళ్ళకూ అలాగే వెనక్కి వస్తాయని. టెన్షన్ తగ్గింది. చివరి దరఖాస్తులో మూడు నెలల్లో ఏ వారం ఏం చేస్తానో రాయాలి. మెంటర్‌ను అడిగి రెండుసార్లు మార్చాను. అడగడానికి సిగ్గుపడి ఉంటే నా పేరు వచ్చేది కాదని నా నమ్మకం.

నవంబరు చివర్లో ఫలితం. అప్పటికి సేవ ముగిసి సురులేరే వచ్చేశాను. మెయిల్ తెరిచి చదివి, అమ్మకిచ్చాను. అమ్మ మొదట, "ఇది నిజమైందేనా? డబ్బేమీ కట్టమనలేదుగా?" అంది. తర్వాత దేవుడి దగ్గర దీపం పెట్టింది. డాడీ మోకాళ్ళ మీద కూర్చుని ప్రార్థన చేశారు.

ఇంకో చిక్కు మిగిలింది. డాలర్లు తీసుకోవడానికి డొమిసిలియరీ ఖాతా కావాలి. అందరూ డోమ్ అకౌంట్ అంటారు. దానికి కరెంట్ ఖాతా ఉన్న ఇద్దరు మనుషుల సంతకాలు కావాలన్నారు. ఒకటి డాడీ పనిచేసే ఫార్మసీ యజమాని పెట్టారు. రెండోది దొరకడానికి మూడు వారాలు పట్టింది. ఇక్కడ ఎవరైనా అప్లై చేస్తుంటే, ఫలితం వచ్చేదాకా ఆగకుండా ఈ ఖాతా ముందే తెరిచి పెట్టుకోండి.

డిసెంబరు నుంచి మార్చి దాకా వారానికి 30 గంటలు పని చేశాను. 7,000 డాలర్లంటే అప్పటి రేటుకు కోటి నైరాలు దాటింది. ముందు మేనత్తకు ఇన్వర్టర్, రెండు బ్యాటరీలు కొన్నాను. తర్వాత తమ్ముడి ఫీజు. కొంత డాలర్లలోనే ఉంచాను. ఆ మూడు నెలల పని చూపించే, తర్వాత యాబాలో ఒక కంపెనీలో ఉద్యోగం వచ్చింది. వాళ్ళ ఫారంలోనూ డిగ్రీ క్లాసు గడి ఉంది. అందులో టూ టూ కూడా ఉంది.

అవుట్‌రీచీకి ఇండియాలో ఉన్నవాళ్ళూ అప్లై చేయొచ్చు. గుంటూరు పిల్లా, ఇది నీ కోసం.

మేనత్త కూతురు, వరసకు నా మరదలు, ఈ ఏడాదే డిగ్రీ అయ్యి కోపర్ పిలుపు కోసం చూస్తోంది. నిన్న ఒక కంపెనీకి రాయబోయే మెయిల్ నాకు చూపించింది. అంతా బాగుంది. నెలకు ఎంత ఇస్తారు అన్న వాక్యం మాత్రం రాసి కొట్టేసింది. "అడిగితే ఏమనుకుంటారో సిస్టర్" అంది. మళ్ళీ పెట్టమన్నాను. పెట్టింది. పంపే ముందు నా మొహం ఒకసారి చూసింది. తలూపాను. నొక్కింది.